సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో సురభి నాటకానికి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఊళ్లకి వెళ్లేవాళ్లంతా వెళ్లిపోయి హైదరాబాద్ రోడ్లు కాస్త ఊపిరి పీల్చుకునే ఆ నాలుగు రోజుల్లో, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఏటా ఒకటే గోల: "సురభి వాళ్ల నాటకం వేస్తున్నారట, పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?" నేను పన్నెండేళ్లుగా వెళ్తున్నాను. మొదట అమ్మానాన్నలతో వెళ్లేదాన్ని, తర్వాత పెద్దవాడు తోడయ్యాడు, ఇప్పుడు చిన్నది కూడా. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పీ చెప్పీ విసుగొచ్చి, వచ్చిన సందేహాలన్నీ ఒకచోట రాసేశాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుందో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లండి.

## వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

సురభి అంటే ఏంటి? నాటకం పేరా, కంపెనీ పేరా?

ఊరి పేరు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు 'కీచక వధ' నాటకం ఆడించారు. ఆ ఊరి పేరే వాళ్ల ఇంటిపేరులా స్థిరపడిపోయింది. వీళ్ల మూలాలు మరాఠా ప్రాంతంలో ఉన్నాయి, అంతకుముందు తోలుబొమ్మలాట ఆడించేవాళ్లు. తెర వెనక బొమ్మల కోసం పాడిన గొంతులే వేషాలు కట్టుకుని తెర ముందుకొచ్చాయన్నమాట. పిల్లలు పెరిగి, పెళ్లిళ్లయి, కుటుంబం కొమ్మలు వేసినకొద్దీ నాటక సమాజాలూ పెరిగాయి. ఒక దశలో ముప్పైకి పైనే ఉండేవి. ఇప్పుడు ఒక చేతి వేళ్లు చాలు లెక్కపెట్టడానికి.

హైదరాబాద్‌లో ఎక్కువగా వినిపించే పేరు శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి. 1937లో మొదలైంది. దాన్ని చాలాకాలం నడిపిన రేకందార్ నాగేశ్వరరావు, అంటే అందరూ పిలిచే సురభి బాబ్జీ, 2013లో పద్మశ్రీ అందుకున్నారు, 2022లో కన్నుమూశారు. మన శేరిలింగంపల్లిలో సురభి కాలనీ అని ఉంది చూశారా, అది వీళ్లదే.

మ్యూజికల్ అంటున్నారు. సంగీత కచేరీయా, నాటకమా?

నాటకమే. కాకపోతే మాట ఎక్కడ ఆగుతుందో పద్యం అక్కడ అందుకుంటుంది. కోపం వస్తే పద్యం, ప్రేమ వస్తే పాట, యుద్ధానికి ముందు మళ్లీ పద్యం. స్టేజీ పక్కన హార్మోనియం, తబలా ఉంటాయి, ఈమధ్య కీబోర్డు కూడా చేరింది. పాట వచ్చిందని కథ ఆగదు. పోట్లాడుకునేవాళ్లు పద్యంలోనే పోట్లాడుకుంటారు.

ఏ వయసు పిల్లల్ని తీసుకెళ్లొచ్చు?

అయిదేళ్లు దాటితే నిక్షేపంగా. మూడు నాలుగేళ్ల వాళ్లయితే మీ పిల్లల సంగతి మీకే తెలియాలి. చీకటన్నా పెద్ద శబ్దమన్నా భయపడకపోతే పర్లేదు. చంటిపిల్లల్ని తీసుకెళ్లొద్దని నేను అనను. సురభి ఇళ్లలో పుట్టిన పిల్లలు నడక రాకముందే బాలకృష్ణుడిగా స్టేజీ ఎక్కేస్తారు మరి. కానీ రెండు గంటలకు పైగా చంటిదాన్ని ఎత్తుకుని నడవాలో తిరిగేది మీరే, నాటకం చూసేది మీవారు. ఆ లెక్క ముందే తేల్చుకుని బయల్దేరండి.

మా పిల్లలకి తెలుగు అంతంతమాత్రం. పద్యాలు ఏం అర్థమవుతాయి?

నిజం చెప్పాలంటే పెద్దవాళ్లకీ అన్ని పద్యాలూ అర్థం కావు. నాకూ కావు. అయినా ఇబ్బంది ఉండదు. పద్యంలో ఉన్న సంగతి దాదాపు ప్రతిసారీ దాని ముందో వెనకో మామూలు మాటల్లో వచ్చేస్తుంది. పైగా రాక్షసుడు తొడ కొట్టాడంటే ఏ మీడియం పిల్లాడికైనా తెలిసిపోతుంది ఏం జరగబోతోందో.

ఒక్క పని చెయ్యండి. ముందురోజు రాత్రి పడుకోబెట్టేటప్పుడు కథ చెప్పండి. ముగింపుతో సహా చెప్పేయండి. సినిమాకి స్పాయిలర్ అంటారు గానీ, పౌరాణిక నాటకానికి వచ్చేవాళ్లలో కథ తెలియనివాళ్లు ఎవరు? ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిస్తే పిల్లలు స్థిమితంగా చూస్తారు. మా ఇంట్లో 'మాయాబజార్'కి వెళ్లే ముందు బలరాముడి కూతురు, కృష్ణుడి మేనల్లుడు, భీముడి కొడుకు అంటూ అన్నం ముద్దలు వరసగా పెట్టి చుట్టరికాలు చెప్పాను. భీముడి కొడుకు ముద్దని చిన్నది మింగేసింది. అదీ కథకి తగ్గట్టే ఉందనుకోండి.

మొదటిసారి వెళ్తున్నాం. ఏ నాటకం అయితే బాగుంటుంది?

పిల్లలుంటే కళ్లు మూసుకుని 'మాయాబజార్'. నవ్వు, మాయలు, పెళ్లి, తిండి అన్నీ ఉంటాయి. అందులో ఘటోత్కచుడు లడ్డూలు తినే సీను కోసం మా పెద్దవాడు నాలుగుసార్లు వచ్చాడు. పళ్లెం నిండా లడ్డూలు. ఆయన చెయ్యి కూడా కదపడు. నోరు తెరుస్తాడంతే. పళ్లెంలో పై లడ్డూ ఒకసారి కదిలి, ఆగి, మెల్లగా పైకి లేచి, గాల్లో తేలుతూ వెళ్లి నోట్లో పడుతుంది. ఆ వెనకే ఇంకోటి. ఆ 'ఆగడం' ఉంది చూశారూ, అక్కడే హాల్లో పిల్లలందరూ ఒక్కసారి ఊపిరి బిగబడతారు.

'పాతాళ భైరవి', 'బాలనాగమ్మ' కూడా పిల్లలకి నచ్చుతాయి గానీ మాంత్రికులంటే భయపడే పిల్లలైతే ఇంకో రెండేళ్లు ఆగండి. 'శ్రీకృష్ణ లీలలు' మరీ చిన్నవాళ్లకి మంచిది. 'వీరబ్రహ్మంగారి చరిత్ర' పెద్దవాళ్లకి. అమ్మమ్మా తాతయ్యల్ని తీసుకెళ్తుంటే దాన్ని మించింది లేదు.

యూట్యూబ్‌లో ఉందిగా. దానికోసం అంత దూరం ఎందుకు?

యూట్యూబ్‌లో నారదుడు మబ్బుల్లోంచి దిగితే పిల్లలు 'ఎడిటింగ్' అంటారు. ఎదురుగా కూర్చుని చూస్తే వాళ్లకి ఆ మాట రాదు. నెత్తి మీద కప్పు ఉంది, పక్కన అమ్మ ఉంది, ఎదురుగా ఒక మనిషి గాల్లో ఉన్నాడు. ఇంక దేన్ని అనుమానించాలో తెలియక నోరు తెరుచుకుని చూస్తారు. నేను టికెట్ కొనేది నాటకానికి కాదు, ఆ మొహాలు చూడటానికి.

మా పక్కింటివాళ్లు ముస్లింలు. పిలిస్తే బాగుంటుందా?

పిలవండి, ఇందులో మొహమాటం ఏముంది? కథ పౌరాణికమే, కొబ్బరికాయ కొట్టి ప్రార్థన పాటతో మొదలుపెడతారు. ఆ తర్వాత అంతా కోటలు, మాయలు, మారువేషాలు. మేం ఓసారి మా కింది ఫ్లోర్ వాళ్లతో కలిసి వెళ్లాం. వాళ్ల అబ్బాయి ఇప్పటికీ లిఫ్టులో కనిపిస్తే నన్ను 'హిడింబి ఆంటీ' అంటాడు. మరి నేను చెప్పిన కథలో అందరికంటే ఎక్కువ నచ్చింది ఆవిడే.

## టికెట్లు, సీట్లు

ఎక్కడ ఆడతారు? మాకు ఎలా తెలుస్తుంది?

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో లలిత కళాతోరణం దగ్గర ఏళ్ల తరబడి శని, ఆదివారాల్లో ఆడారు. అది కాక రవీంద్రభారతి, మాదాపూర్‌లో శిల్పారామం, శిల్పకళావేదిక వైపూ ఓ కన్నేసి ఉంచండి. తెలుగు పేపర్లలో జిల్లా పేజీ చివర 'నగరంలో నేడు' తరహాలో ఒక చిన్న పెట్టె వస్తుంది, నాకు సగంసార్లు అక్కడే తెలిసింది. టికెట్ పెట్టిన ప్రదర్శనలైతే బుక్‌మైషోలో 'నాటకాలు' అన్న చోట వెతకండి. వెళ్లే ముందు ఆరోజు ప్రదర్శన ఉందో లేదో ఒక ఫోన్ చేసి కనుక్కోండి. పాత పోస్టరు ఫార్వర్డ్ అయి తిరుగుతుంటుంది, దాన్ని నమ్మి గేటు దాకా వెళ్లి వెనక్కొచ్చిన బంధువులు నాకున్నారు.

టికెట్ ఖరీదు ఎక్కువా?

మల్టీప్లెక్స్‌లో నలుగురు సినిమా చూసి పాప్‌కార్న్ తిన్న ఖర్చుతో పోలిస్తే తక్కువే. సాంస్కృతిక సంస్థలు గానీ భాషా సాంస్కృతిక శాఖ గానీ పెట్టించిన ప్రదర్శనలైతే చాలాసార్లు ప్రవేశం ఉచితం. అయితే ఉచితం అన్నచోట సీటు నంబరు ఉండదు, ముందు వచ్చినవాళ్లదే సీటు.

ముందు వరసలో కూర్చుంటే బాగా కనిపిస్తుంది కదా?

అందరూ చేసే తప్పు ఇదే. నేనూ చేశాను. సురభి నాటకంలో మాయలన్నీ సన్నటి తీగలు, రంగులు వేసిన తెరలు, లైటు పడే కోణం మీద ఆధారపడతాయి. మరీ ముందు కూర్చుంటే తీగ మెరుపు కంటికి తగులుతుంది, నటుల మెడ దగ్గర రంగు ఎక్కడ ఆగిందో కనిపిస్తుంది. పక్క సీట్లలో కూర్చుంటే ఇంకా కష్టం. వింగ్‌లో, అంటే స్టేజీ పక్క చాటున, తాడు పట్టుకుని నిలబడ్డ మనిషి, పక్కనే వేషంతో టీ తాగుతున్న దుర్యోధనుడు కూడా కనిపిస్తారు. నాకైతే అదీ ఇష్టమే, కానీ పిల్లలకి మొదటిసారే అది చూపించకండి.

మధ్య వరస, నడిమి సీట్లు. ఆరో వరస నుంచి పదో వరస మధ్య అయితే బంగారం. మీ పిల్లలు పొట్టివాళ్లయితే మడతపెట్టిన దుప్పటి ఒకటి పట్టుకెళ్లి సీటు మీద వేయండి.

తాతయ్యకి మోకాళ్ల నొప్పులు. తీసుకెళ్లగలమా?

తీసుకెళ్లండి, కానీ మెట్లు ఎన్ని, వీల్‌చైర్ దారి ఎటువైపు అన్నది హాలుకి ఫోన్ చేసి ముందే అడగండి. పబ్లిక్ గార్డెన్స్‌లో గేటు నుంచి లోపలికి నడక ఉంటుంది. ఆటోని ఎంతవరకు రానిస్తారో కూడా అడగండి. లోపలికెళ్లాక నడవా పక్క సీటు ఆయనకివ్వండి, కాలు చాపుకోవచ్చు.

## బయల్దేరే రోజు

కార్లో వెళ్లాలా, మెట్రోలోనా?

జనవరిలో నాంపల్లి అంటే మారు మాట లేకుండా మెట్రో. కారణం నుమాయిష్. 1938లో ఇదే పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఆ ఎగ్జిబిషన్, ఇప్పుడు దగ్గర్లోని ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జనవరి 1 నుంచి ఫిబ్రవరి నడిమి వరకూ నడుస్తుంది. సాయంత్రం అయిదు దాటితే ఆ చుట్టుపక్కల కారు పెట్టడానికి చోటు వెతకడమే ఒక నాటకం.

మియాపూర్–ఎల్బీ నగర్ లైన్‌లో అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే పబ్లిక్ గార్డెన్స్ పక్కనే. రవీంద్రభారతికి అసెంబ్లీ స్టేషన్ నుంచైనా లక్డీకాపూల్ నుంచైనా నడిచి వెళ్లొచ్చు, కాకపోతే రోడ్డు దాటేటప్పుడు పిల్లల చెయ్యి వదలొద్దు. తిరుగు ప్రయాణానికి చివరి రైలు ఎన్నింటికో స్టేషన్‌లో దిగగానే చూసుకోండి. తిరుగు టికెట్ కూడా అప్పుడే తీసేసుకుంటే నుమాయిష్ జనంతో కలిసి రాత్రి క్యూలో నిలబడే బాధ తప్పుతుంది.

ఆహ్వాన కార్డు మీద సాయంత్రం ఆరు అని ఉంది. ఎన్నింటికి వెళ్లాలి?

కార్డు తిప్పి చూడండి. అందులో 'సభ', 'ముఖ్య అతిథి', 'సన్మానం' అన్న మాటలున్నాయా? ఉంటే ఆరు అన్నది సభకి. నాటకం ఏడుకైనా మొదలవ్వచ్చు, ఎనిమిదికైనా.

మూడేళ్ల కిందట ఒక సంస్థ పెట్టిన ప్రదర్శనకి కార్డులో టైం నమ్మి ఆరింటికే వెళ్లాం. వేదిక మీద పదకొండు కుర్చీలు చూడగానే నా గుండె జారిపోయింది. ప్రతివాళ్లూ 'రెండు ముక్కలు మాట్లాడి ముగిస్తాను' అనే మొదలుపెట్టారు. శాలువాలు, జ్ఞాపికలు, ఫోటో కోసం శాలువా మళ్లీ కప్పడాలు. గంటా నలభై నిమిషాలు. తెర లేచేసరికి చిన్నది నా ఒళ్లో గుర్రుపెట్టి నిద్రపోతోంది. ఘటోత్కచుడు గదతో నేల దద్దరిల్లేలా కొట్టినా లేవలేదు.

అప్పటి నుంచి సభ ఉన్న కార్యక్రమమైతే మా ఇంట్లో ఒకరు ముందు వెళ్లి సీట్లు పడతారు, పిల్లలు ముప్పావుగంట ఆగి వస్తారు. కేవలం టికెట్ పెట్టిన నాటకమైతే మాత్రం అరగంట ముందే ఉండండి, అవి చాలావరకు చెప్పిన టైంకే మొదలవుతాయి.

ఏం వేసుకోవాలి? పట్టుబట్టలు కట్టాలా?

పండగ రోజు కాబట్టి కట్టాలనిపిస్తే కట్టండి. తప్పనిసరి మాత్రం కాదు. జనవరి రాత్రి ఆరుబయట అయితే చలి, ఏసీ హాలైతే ఇంకా చలి. ఎటు చూసినా స్వెటర్ ఖాయం. ఆరుబయటయితే దోమల క్రీము కూడా. పిల్లలకి లైట్లు మెరిసే బూట్లు మాత్రం వేయకండి. చీకట్లో మీ పాప కాళ్లూపినప్పుడల్లా వెనక వరస మొత్తం ఆ బూట్లనే చూస్తుంది.

తినడానికి ఏమైనా పట్టుకెళ్లొచ్చా?

ఆడిటోరియం లోపలికి చాలాచోట్ల తిండి రానివ్వరు. మంచినీళ్ల బాటిల్‌కి అడ్డు చెప్పరు సాధారణంగా. అందుకే ఇంట్లోనే పెందలాడే పెరుగన్నం పెట్టేసి బయల్దేరండి. పండగ పిండివంటలు డబ్బాలో పెట్టుకుంటే బయట గార్డెన్‌లో కూర్చుని తినొచ్చు. చకినాలు, జంతికలు మాత్రం హాల్లోకి వద్దు. కరకరమంటే పద్యం పాడే ఆయన దాకా వినిపిస్తుంది.

## తెర లేచాక

ఎంతసేపు ఉంటుంది? ఇంటర్వెల్ ఇస్తారా?

సుమారు రెండు నుంచి రెండున్నర గంటలు. మా అమ్మ చిన్నప్పుడు ఊళ్లో తెల్లవార్లూ ఆడేవారట, నగరం కోసం కుదించారు. ఇంటర్వెల్ ఉంటుందో ఉండదో నాటకాన్ని బట్టి మారుతుంది కాబట్టి తెర లేవకముందే పిల్లల్ని బాత్రూమ్‌కి తిప్పి తీసుకురండి.

పద్యం అవ్వగానే ఎవరో "వన్స్ మోర్" అని అరిచారు. గొడవ ఏమైనా అయిందా?

గొడవ కాదు, అది మెచ్చుకోలు. తెలుగు పద్యనాటకానికి వన్స్ మోర్ అన్నది పాత అలవాటు. నటుడు పద్యం బాగా పాడితే జనం మళ్లీ పాడమంటారు, ఆయన చేస్తున్న యుద్ధం ఆపి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటాడు. ఎదుటి పాత్ర పాపం కత్తి అలాగే ఎత్తి నిలబడాలి. పూర్వం కొందరు నటులు ఒకే పద్యాన్ని రెండు మూడుసార్లు పాడాల్సి వచ్చేదని మా నాన్న ఎంత ఇష్టంగా చెప్తారో!

మీకు నచ్చితే మీరూ అరవొచ్చు. పిల్లలతో అరిపించండి. కాకపోతే ఆయన చివరి అక్షరం మీద రాగం తీయడం అయ్యేదాకా ఆగాలి. ఊపిరి కోసం మధ్యలో ఆగినప్పుడు చప్పట్లు కొడితే, సినిమా అయిపోకుండానే లేచి నిలబడ్డట్టు ఉంటుంది.

అంతసేపు రాగం తీస్తుంటే పిల్లలకి బోర్ కొట్టదా?

కొడుతుంది, మొదటి రెండు పద్యాలకి. అప్పుడు వాళ్ల చెవిలో ఒక ఆట చెప్పండి: ఆయన ఊపిరి తీసుకోకుండా ఎంతసేపు లాగుతాడో లెక్కపెట్టమనండి. మా పెద్దవాడు ముప్పై దాకా లెక్కపెట్టి, తనూ ఊపిరి బిగబట్టి ఎర్రబడిపోయాడు. పద్యం అంటే ఏంటో వాడికి ఏ తెలుగు పీరియడ్‌లోనూ అంత బాగా తెలియలేదు. హార్మోనియం ఆయన వైపు కూడా చూడమనండి. నటుడు ఏ స్వరం మీద ఆగుతాడో ఆ వేళ్లకి ఒక క్షణం ముందే తెలిసిపోతుంది.

ఫోటోలు, వీడియోలు తీయొచ్చా?

నిర్వాహకులు వద్దంటే వద్దు. ఒప్పుకున్నా ఫ్లాష్ మాత్రం ఆపేయండి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. చీకటి తెర ముందు కనిపించకుండా ఉండాల్సిన తీగ ఫ్లాష్ పడగానే వెండి గీతలా మెరుస్తుంది. మీరు తీసిన ఒక్క ఫోటోకి హాల్లో ఉన్న పిల్లలందరి లడ్డూలూ తాడు కట్టిన లడ్డూలైపోతాయి.

ఘటోత్కచుడు రాగానే మా చిన్నది ఏడుపు మొదలుపెడితే?

మొదలుపెట్టొచ్చు. చీకటి, ఉరుము శబ్దం, మంట, పొగ, ఆ పొగలోంచి పెద్ద మీసాలు. వెంటనే ఎత్తుకుని బయటికి పరుగెత్తకండి, బయటికెళ్తే అది ఆ భయంతోనే ఇంటికొస్తుంది. ఒళ్లో కూర్చోబెట్టుకుని చెవులు మూసి, 'చూడు, వాళ్లమ్మ పిలిస్తే ఎలా వంగి దణ్ణం పెడతాడో' అని చెప్పండి. పిలిస్తే నిజంగానే వంగుతాడు. అమ్మకి భయపడే రాక్షసుడంటే పిల్లలకి ధైర్యం వచ్చేస్తుంది. అప్పటికీ ఆగకపోతే లేచి నడవా చివర నిలబడి చూపించండి, దూరం పెరిగితే భయం తగ్గుతుంది.

బాణాలు, మంటలు అంటున్నారు. ప్రమాదం ఏమీ లేదు కదా? మావాడికి ఆస్తమా.

రెండు బాణాలు ఎదురెదురుగా వచ్చి గాల్లో ఢీకొని నిప్పులు రాలడం సురభి వాళ్ల ప్రత్యేకత. అదంతా స్టేజీ మీదే, జనం వైపు ఏమీ రాదు. పొగ, టపాసుల మందు వాసన మాత్రం ముందు వరసలకి వస్తాయి. ఆస్తమా ఉంటే వెనక సగంలో, తలుపు దగ్గర సీటు చూసుకోండి. ఇన్‌హేలర్ బ్యాగులో కాదు, జేబులో పెట్టుకోండి.

## తెర పడ్డాక

నటుల్ని కలవొచ్చా? పిల్లలు ఫోటో అంటున్నారు.

అడిగితే చాలాసార్లు కాదనరు. కానీ రెండు గంటలు కిరీటం మోసిన తల అది. పది నిమిషాలు ఆగి, గ్రీన్‌రూమ్ బయట నిలబడి, ఎవరినైనా అడిగి వెళ్లండి. వేషం తీసేశాక వెళ్తే ఇంకా బాగుంటుంది. ఒకసారి మావాడు కిరీటం తీసిన కృష్ణుణ్ణి చూసి గుర్తుపట్టలేదు. ఆయన సెట్టు తెరలు చుడుతున్నారు. ఇక్కడ వేషం వేసినవాళ్లే తెర చుడతారు, తెర లాగినవాళ్లే రేపు వేషం వేస్తారు, హార్మోనియం వాయించేది బాబాయో మావయ్యో అయ్యుంటారు.

అంత బాగా చేశారు, డబ్బులివ్వాలనిపించింది. ఇస్తే తప్పుగా అనుకుంటారా?

అనుకోరు. ఊళ్లలో నాటకం మధ్యలోనే చదివింపులు ఉండేవి: ఫలానావారు ఫలానా పాత్రధారికి ఇంత అని మైకులో చెప్పేవారు. నగరంలో మధ్యలో స్టేజీ ఎక్కకండి. అయ్యాక సమాజం పెద్ద ఎవరో కనుక్కుని వారి చేతికివ్వండి. పిల్లల చేత ఇప్పించండి, చిల్లర కాకుండా కవర్లో పెట్టి.

'ఆ లడ్డూలు ఎలా ఎగిరాయి?' అని ఇంటికొచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడు. చెప్పేయాలా?

నేను పెద్దవాడికి చెప్పేశాను. మెట్రోలో నిలబడి, తెలివి చూపించుకుంటూ, తీగల గురించి, లైటు గురించి. వాడు 'ఓహో' అని ఫోన్ అడిగాడు. ఆ 'ఓహో' నాకిప్పటికీ గుచ్చుకుంటుంది. చిన్నది అడిగినప్పుడు 'నువ్వేమనుకుంటున్నావ్?' అన్నాను. అది మూడు రోజులు ఆలోచించి, ఘటోత్కచుడి నోట్లో ఫ్యాన్ ఉందని, అది లోపలికి లాగుతుందని తేల్చింది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కింద నిలబడి మరమరాలతో ప్రయోగం కూడా చేసింది. వంటిల్లు తుడవడానికి పట్టిన టైముకి నేనేమీ బాధపడలేదు.

శశిరేఖ అసలు భారతంలోనే లేదని మా మావగారు వాదిస్తున్నారు. నిజమేనా?

మీ మావగారి మాటే నిజం. వ్యాసభారతంలో అభిమన్యుడి భార్య ఉత్తర. శశిరేఖ జనం కల్పించుకున్న కథలోంచి వచ్చింది. మరాఠీ వాళ్లు ఇదే కథలో పెళ్లికూతుర్ని వత్సల అంటారు. అయినా ఆవిడ లేని సంక్రాంతి సెలవులు నాకొద్దు.

ఆడవేషాలు మగవాళ్లే వేస్తారా?

లేదు. మిగతా సమాజాల్లో మగవాళ్లే చీరలు కట్టుకుని ఆడిన కాలంలోనే సురభిలో ఆడవాళ్లు స్టేజీ ఎక్కారు. కుటుంబమంతా కలిసి ఆడేది కాబట్టి అక్కాచెల్లెళ్లు, కోడళ్లు బయట కూర్చునే ప్రశ్నే రాలేదు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా వేసిన సురభి కమలాబాయి ఈ ఇంటి మనిషే. ఒక్కోసారి ఆడవాళ్లే మగవేషాలూ కడతారు. మీ పిల్లల్ని కనిపెట్టమనండి.

మా పాప తనూ నాటకం ఆడతానంటోంది. ఎక్కడ చేర్పించాలి?

పబ్లిక్ గార్డెన్స్‌లోనే జవహర్ బాలభవన్ ఉంది. అక్కడ పిల్లలకి పాట, ఆట, నాటకం నేర్పుతారు. వేసవి సెలవులకి ముందే వెళ్లి కనుక్కోండి, అప్పుడు రద్దీ. ఆలోగా పాత చీరలు రెండు, బట్టల క్లిప్పులు నాలుగు ఇస్తే బాల్కనీలో తెర వాళ్లే కట్టుకుంటారు.

అయ్యాక ఆకలేస్తే ఆ చుట్టుపక్కల ఏముంది?

నాంపల్లి వైపు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. పిల్లలు ఊరుకోకపోతే మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీమ్. జనవరి రాత్రి ఐస్‌క్రీమ్ ఏంటని మావారు ఏటా అంటారు, ఏటా రెండు కప్పులు తింటారు.

వచ్చే ఏడాది మళ్లీ అదే నాటకమంటే పిల్లలు వస్తారా?

మావాళ్లు వస్తున్నారు. నాటకం అదే అయినా మనుషులు మారతారు. మేం మొదటిసారి వెళ్లినప్పుడు పళ్లెం మోసుకొచ్చి, బెదిరిపోయి, స్టేజీ మధ్యలోనే నిలబడిపోయిన ఒక బుడ్డోడున్నాడు. వింగ్‌లోంచి ఎవరో 'రారా నాన్నా' అని పిలిస్తే గానీ కదల్లేదు. నిరుడు వాడే అభిమన్యుడు. మీసం గీశారు, గొంతు ఇంకా పూర్తిగా మారలేదు, పద్యం చివర రాగం కొంచెం వణికింది. వన్స్ మోర్ అని మొదట అరిచింది మా చిన్నది.